కోటు పిన్ని వల్ల కాని పని

కోటు పిన్నికి చేతకాని పని భూమ్మీద ఒకటుందంటే ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో గోలు స్తంభాలు కూడా నమ్మవు. ఆ మాట మొదట ప్రచారంలో పెట్టింది ఆవిడే అయినా, ఏళ్ళ తరబడి వినీ వినీ జనానికి అదే నిజమైపోయింది. ఆట మధ్యలో ఒకడి వీపు మీద నంబరు ఊడితే, రిఫరీ కంట పడకుండా పక్కనే పరిగెడుతూ కుట్టేసిందట. సూది గుచ్చుకోవడం వల్లే వాడు ఆ రోజు అంత వేగంగా ఉరికి గోలు కొట్టాడట. ఇంకోసారి గోలు వల చిరిగితే, దారం చాలక తన జడలోంచి వెంట్రుకలు తీసి అల్లిందట. ఆ వలలో పడ్డ బంతి తిరిగి ఎగిరొచ్చి కొట్టినవాడి ముక్కు పచ్చడి చేసిందట. సాక్షులెవరని అడిగితే, "చూసినవాళ్ళంతా పెద్దవాళ్ళు నాయనా, పోయారు" అని నిట్టూరుస్తుంది. ఆ నిట్టూర్పు వింటే అడిగినవాడికే తప్పు చేశానేమో అనిపిస్తుంది.

ఆవిడ గది పెద్ద స్టాండు మెట్ల కింద. కప్పు ఒక పక్కకి వాలిపోయి ఉంటుంది కాబట్టి నిలబడి చేసే పని ఎత్తు వైపు, కూర్చుని చేసే పని పల్లం వైపు. మూలన పెడల్ మిషను, దాని మీద అరిగిపోయిన సుద్దముక్కలు, గోడకి పాత జెర్సీలు, మధ్యలో తీగకి వేలాడే బల్బు. కిటికీ లేదు. ఆట జరుగుతుంటే పిన్ని బయటికి వెళ్ళి చూడదు, బల్బుని చూస్తుంది. మనవాళ్ళు గోలు కొడితే నెత్తి మీద జనం ఎగురుతారు, బల్బు ఊగుతుంది. అవతలివాళ్ళు కొడితే బల్బు బిగుసుకుపోయి ఉంటుంది. "మీరంతా ఎండలో మాడి చూసేది నేను నీడలో కూర్చుని చూస్తా" అంటుంది.

ఆవిడ ఈ క్లబ్బుకి వచ్చిందీ ఒక గొప్ప నోరు జారడం వల్లే. అప్పటికి పెళ్ళై కొత్త. మొగుడు గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి; అందరూ గేటు బాబాయి అంటారు. ఆయన రోజంతా మాట్లాడే మాటలన్నీ కలిపి ఒక టికెట్టు ముక్క మీద రాసేయొచ్చు. ఆయనకి అన్నం క్యారేజీ ఇచ్చి పోదామని వచ్చిన కొత్త పెళ్ళికూతురు, గేటు లోపల ఏదో గోల వినిపించి తొంగి చూసింది. కోచ్ కోటు చంక దగ్గర చిరిగింది, ఆట మొదలయ్యే టైమైంది, క్లబ్బు స్థాపించిన పాత పెద్దాయన కర్ర నేలకేసి కొడుతున్నాడు. "ఇదేం పెద్ద పని, ఇటివ్వండి" అంది ఆ అమ్మాయి. అప్పటికి ఆమెకి గుండీ కుట్టడం తప్ప ఇంకేమీ రాదని బాబాయి ఇప్పటికీ అంటాడు, తన రోజువారీ మాటల్లోంచి కొన్ని ఖర్చు పెట్టి. ఎలాగో కుట్టింది. కోటు నిలిచింది. మర్నాటి నుంచి ఉద్యోగం ఇచ్చారు. అప్పుడు వీధి చివర దర్జీ దగ్గరికి పరిగెత్తి నిజంగా కుట్టు నేర్చుకుంది. ఆవిడ జీవితం అంతా అదే వరస. మాట ముందు వెళ్ళి దర్జాగా కూర్చునేది, చెయ్యి వెనకాల రొప్పుకుంటూ వచ్చి చేరుకునేది. ఎప్పుడూ చేరుకుంది, అదీ విశేషం.

ఇక ఆ కోటు సంగతి. పాత పెద్దాయనకి బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉండేది. క్లబ్బు పెట్టినప్పుడు ముదురాకుపచ్చ గుడ్డ ఒక తాను కొని, ఒక కోటూ, బోర్డు గది కిటికీలకి తెరలూ కుట్టించాడు. ఆ కోటు తొడుక్కున్నవాడే కోచ్, తొడుక్కోనివాడు ఎంత మొనగాడైనా కోచ్ కాడు అని నియమం పెట్టాడు. కోచ్ ఒంటి మీద తప్ప ఆ కోటు గేటు దాటకూడదని ఇంకో నియమం. మధ్యలో ఒకాయన కోటు లేకుండా మైదానంలోకి దిగితే స్టాండు రేకులు లేచి పక్క వీధిలో పడ్డాయని పిన్ని చెబుతుంది. గాలివానని బాబాయి చెబుతాడు. ఏదైతేనేం, కోచ్ మారినప్పుడల్లా కొత్త కోటు కుట్టరు. అదే కోటుని కొత్తవాడి ఒంటికి సరిచేస్తారు. ఆ సరిచేసే మనిషి పిన్ని.

బోర్డులో ఎవరికీ ఏ కోచ్‌కీ మొహం మీద "నువ్వు వెళ్ళిపో" అని చెప్పే ధైర్యం లేదు. ఆ పని కోటుకి వదిలేశారు. మామూలుగా అది పిన్ని గదిలో ఎత్తు వైపు మేకుకి వేలాడుతుంది. ఆట రోజు కోచ్ వచ్చి తొడుక్కుని వెళతాడు. ఏదో ఒక రోజు వచ్చేసరికి మేకు ఖాళీగా, కోటు మిషను మీద, టేపు పిన్ని మెళ్ళో ఉంటుంది. "సరిచేస్తున్నా నాన్నా" అంటుంది పిన్ని, తల ఎత్తకుండా. అంతే. కోచ్ అక్కడే కాసేపు నిలబడి, మెల్లగా పెట్టె సర్దుకోవడానికి వెళతాడు. కొందరు ఏడ్చారు. ఒకాయన మిషనుని తన్నాడు, మిషను గెలిచింది.

ఇలా ఎందరో వచ్చారు, పోయారు. వాళ్ళలో డ్రమ్ము కోచ్ అని ఒక భారీ మనిషి. ఆయన కోసం తానులో మిగిలిన గుడ్డంతా తెచ్చి రెండు వైపులా పట్టీలు వేసింది. దాంతో తాను అయిపోయింది. ఆయన తరవాత వచ్చినవాడు అద్దం కోచ్. కనపడ్డ ప్రతి అద్దంలోనూ తనని పలకరించుకునే రకం. "లోపల మడతలు పెడితే ఉబ్బుగా కనపడతా. ఎక్కువ గుడ్డంతా కత్తిరించి పారెయ్" అన్నాడు. పిన్నికి ప్రాణం పోయినట్టైంది. అంత గుడ్డ మళ్ళీ ఎక్కడ పుడుతుంది? ఆవిడ బోర్డు గది ఊడవడానికన్నట్టు వెళ్ళి, ఒక కిటికీ తెర అడుగంచు బెత్తెడు కత్తిరించి తెచ్చింది. ఆ ముక్కల్ని నేల మీద చల్లి, కోటు మడతలన్నీ పలచగా పరిచి, కోటు లోపలి అస్తరు కింద నొక్కి, ఇస్త్రీతో అదిమేసింది. అద్దం కోచ్ నేల మీది ఆకుపచ్చ ముక్కలు చూసి తృప్తిగా అద్దంలోకి చూసుకున్నాడు. అటుగా పోతున్న పెద్దాయన కూడా ఆ ముక్కలు చూసి, "అయ్యో, నాన్న గుడ్డ" అన్నాడు. ఈ పెద్దాయన పాత పెద్దాయన కొడుకు. ఇప్పుడు ఛైర్మన్, బిస్కెట్ల ఫ్యాక్టరీ కూడా ఆయనదే.

ఆ మోసం గురించి పిన్ని మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. జీవితంలో ఆవిడ బయటికి చెప్పుకోని గొప్ప అదొక్కటే.

ఇప్పుడున్న కోచ్ సన్నటి మనిషి. ఒకప్పుడు ఇదే క్లబ్బులో ఎడమ వైపు ఆడేవాడు. మిగతా కోచ్‌లలో చాలామంది కొలతలు మనిషి చేత పంపేవాళ్ళు. ఈయన తనే వచ్చి, స్టూలు ఎక్కి నిలబడి, పిన్ని గుండుసూదులు గుచ్చుతుంటే కబుర్లు అడిగేవాడు. పిన్ని కబుర్లు వినేవాళ్ళు ఆ క్లబ్బులో లేకపోలేదు. సగంలో నవ్వేసి లేచిపోతారు. ఈయన లేవడు. వల సంగతి చెబితే, ముక్కు పచ్చడైన చోట ఆగి, "తరవాతేమైంది పిన్నీ?" అన్నాడు. ముప్పిరిగొన్న సంతోషంలో పిన్నికి తరవాతేమైందో అప్పటికప్పుడు పుట్టించుకోవలసి వచ్చింది. ఆ ముక్కు మనిషి చివరికి వాళ్ళ ఊరి మేయరయ్యాడని చెప్పింది. "తరవాత?" అన్నాడు కోచ్. ఆ రోజు నుంచి ఆవిడకి ఈ కోచ్ మీద ఈగ వాలనివ్వాలని లేదు.

కానీ ఈగలు వాలే కాలం వచ్చింది. ఇద్దరు మంచి ఆటగాళ్ళకి కాళ్ళు దెబ్బతిన్నాయి. కోచ్ కొత్త కుర్రాళ్ళని దింపాడు. వరసగా ఓటమి. చాలా రోజులుగా బల్బు ఊగలేదు. దాని మీద సాలీడు ధైర్యంగా గూడు కట్టుకుంది.

సోమవారం పొద్దున అల్లుడుగారు గదిలోకి వచ్చాడు. పెద్దాయన అల్లుడు, వైస్ ఛైర్మన్. బోర్డులో సగం మంది ఇప్పుడు ఆయన వైపే. తలుపు దగ్గరగా వేసి, కప్పు తలకి తగలకుండా వంగి నిలబడ్డాడు.

"పిన్నీ, కోటు సరిచెయ్యాలి. శనివారం పొద్దున్నే కొత్తాయన వస్తున్నాడు. అప్పటిదాకా ఎవరికీ తెలియకూడదు."

"కొలతలేవి బాబూ?"

అల్లుడుగారు రెండు చేతులూ చాపాడు. చాలలేదు. ఒక చెయ్యి గోడకి ఆనించి, ఇంకో చెయ్యి మిషను దాకా చాపాడు. "సుమారు ఇంత."

"మనిషేనా, సామాన్ల లారీయా?"

"టీవీలో ఆటల గురించి మాట్లాడతాడే, ఆయన. చూళ్ళేదా?"

"మా టీవీ చిన్నది. మాకు సగమే పడతాడు."

"నవ్వులాట కాదు పిన్నీ. నీ వల్ల అవుతుందా?"

ఆ ప్రశ్న ఎప్పుడు ఎవరు అడిగినా పిన్ని నోటి నుంచి జవాబు దానంతట అదే దూకేస్తుంది, బుర్రని అడగదు. "నా వల్ల కాకపోవడమేంటి. ఏనుక్కైనా తొడుగుతా. శుక్రవారానికే తీసుకెళ్ళు."

అల్లుడుగారు మురిసిపోయి వెళ్ళిపోయాడు. పిన్ని టేపు మెళ్ళో వేసుకుని, కోటు మేకు మీంచి తీసి, అస్తరు విప్పబోతూ ఆగిపోయింది. మడతలో డ్రమ్ము కోచ్ నాటి గుడ్డంతా బుద్ధిగా పడుకుని ఉంది. చాలుతుంది. ఇంకా మిగులుతుంది కూడా. చెయ్యి మొట్టమొదటిసారి మాట కన్నా ముందే వచ్చి కూర్చుంది. తను ఏ మనిషి ఉద్యోగం తీసేస్తానని ఒప్పుకుందో అప్పుడు తలకెక్కింది. స్టూలు మీద కూలబడింది.

కూర్చుని ఉండగానే కోచ్ వచ్చాడు, ఒక కుర్రాడి చిరిగిన సాక్సులు పట్టుకుని. పిన్ని గబుక్కున కోటు తీసి మేకుకి తగిలించి, టేపు మెళ్ళోంచి లాగి ఒళ్ళో దాచింది. కోచ్ చూశాడో లేదో తెలియదు. సాక్సులు మిషను మీద పెట్టి, గోడకి ఆనుకున్నాడు.

"కుర్రాళ్ళు కుదురుకుంటున్నారు పిన్నీ. మొదట్లో బంతి వస్తే వేడి పెనం పట్టుకున్నట్టు వదిలేసేవాళ్ళు. ఇప్పుడు కాసేపు పట్టుకుంటున్నారు. ఇంకొన్ని ఆటలు దొరికితే చాలు."

"దొరకవా మరి?"

"అది నువ్వే చెప్పాలి. ఈ క్లబ్బులో ఆ కబురు ముందు నీకేగా వచ్చేది." నవ్వుతూనే అన్నాడు గానీ, కళ్ళు మేకు వైపే ఉన్నాయి.

పిన్ని సాక్సులు తిరగేసి చూసింది. "మీ వాడి బొటనవేలు గునపంలా ఉందే. దీనికి ఇనుప దారం కావాలి" అంది. ఆయన "తరవాత?" అనలేదు. అనకపోవడం ఆవిడకి సూదిలా గుచ్చుకుంది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ మొగుడికి అంతా చెప్పింది. బాబాయి ముద్ద నమిలి, మింగి, "కాదని చెప్పెయ్" అన్నాడు.

"ఏం కాదని?"

"నీ వల్ల."

పిన్నికి తల కొట్టేసినట్టైంది. "నా వల్ల కాదనా? ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడైనా అన్నానా? నా నోట్లో పట్టదండీ అది."

"అబద్ధాలు నీకు కొత్తా?"

"నేనెప్పుడు అబద్ధాలాడానండీ? గొప్పలు చెప్పుకున్నా. అవి వేరు, ఇవి వేరు."

"గుడ్డ లేదను. అద్దం కోచ్ పేరు చెప్పు." ఆ రోజుకి ఆయన మాటల కోటా అయిపోయింది. క్యారేజీ మూత పెట్టేసి గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

పిన్ని ఆ వారమంతా ఆ మాటని నోట్లో వేసుకుని సాధన చేసింది. మిషనుకి చెప్పి చూసింది. పాత జెర్సీలకి చెప్పి చూసింది. "నా వల్ల..." అన్న చోటికి వచ్చేసరికి నాలుక మడత పడి "కాకపోవడమేంటి" దగ్గర తేలేది.

గురువారం సాయంత్రం బోర్డు సమావేశం. పిన్ని కోటు చేతి మీద వేసుకుని మేడ ఎక్కింది. పొడుగాటి బల్ల, దాని మీద పళ్ళెం నిండా విరిగిన బిస్కెట్లు. ఫ్యాక్టరీలో అమ్ముడుపోని ముక్కలన్నీ పెద్దాయన ఇక్కడికే పంపిస్తాడు. ఆ బోర్డులో సభ్యులుగా చేరి ఇన్నేళ్ళైనా ఒక్కరూ పూర్తి బిస్కెట్టు తినలేదు. బల్లకి ఒక చివర పెద్దాయన. రెండో చివర అల్లుడుగారు, కళ్ళు చికిలించుకుని. ఆయన ఎదుటి కిటికీ తెర పొట్టిది, సాయంత్రపు ఎండ తిన్నగా ఆయన మొహం మీదే పడుతుంది. మిగతావాళ్ళు ఎవరు గెలిచేలా ఉంటే అటు వాలడానికి వీలుగా మధ్యలో కూర్చున్నారు.

"కోటు రెడీనా పిన్నీ?" అన్నాడు అల్లుడుగారు.

పిన్ని కోటు బల్ల మీద పరిచింది. గొంతు సవరించుకుంది. బిస్కెట్ల పళ్ళెం వైపు చూస్తూ అంది: "నా వల్ల కాదు బాబూ."

ఎవరి చెంచానో కప్పులో టంగుమని పడింది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు, వినడానికి కూడా అది అవసరమైనట్టు.

"ఏమన్నావు?"

"గుడ్డ లేదు సార్. అద్దం కోచ్ కత్తిరించెయ్యమన్నాడుగా. ఆ ముక్కలు మీరూ చూశారు. ఉన్న గుడ్డతో ఈ టీవీ ఆయనకి ఒక చెయ్యి దూరుతుంది. రెండో చెయ్యి ఇంట్లో పెట్టి రావాలి."

"ఏనుక్కైనా తొడుగుతానన్నావు" అన్నాడు అల్లుడుగారు.

"ఏనుక్కి తొడుగుతా. అది పొట్ట లోపలికి పీల్చుకుంటుంది."

మధ్యలో కూర్చున్నవాళ్ళలో ఒకాయన నవ్వబోయి, ఎండలో ఎర్రబడ్డ మొహం చూసి, నవ్వుని బిస్కెట్టుతో సహా మింగేశాడు. అల్లుడుగారు లేచి కిటికీ తెర పట్టుకున్నాడు. "ఇదీ అదే గుడ్డగా. ఇది కత్తిరించి వెయ్."

పిన్ని కోటు తీసుకెళ్ళి తెర పక్కన పెట్టింది. ఎండకి వెలిసి వెలిసి తెర ఎండుగడ్డి రంగులోకి దిగింది. కోటు ఇంకా చెరువు లోతంత ముదురుగా ఉంది. "ఆకుపచ్చ కోటుకి గడ్డి పట్టీలు వేస్తే టీవీలో బాగా పడతాడు బాబూ" అంది. పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆ తెర అడుగంచు వైపు, దాని కింద నేల మీద పడ్డ ఎండ వైపు, కాసేపు చూస్తూ ఉండిపోయాడు.

"అయితే వీధి చివర సూటు మాస్టర్ని పిలిపిద్దాం" అన్నాడు అల్లుడుగారు. "ఈవిడొక్కతేనా కుట్టేది?"

పిన్ని కోటుని ఒంటికి హత్తుకుంది. సూటు మాస్టర్ అంటే, పిన్నికి కుట్టు నేర్పిన ముసలి దర్జీ కొడుకు. పిన్ని కుట్టు నేర్చుకున్నప్పటి నుంచి ఇద్దరికీ పోటీ. ఆయన చేత్తో తడిమితే చాలు, మడతలో ఏముందో తెలిసిపోతుంది.

మాస్టర్ వచ్చాడు, చెవి వెనక పెన్సిలుతో. కోటు చేతుల్లోకి తీసుకున్నాడు. పక్క కుట్టు మీద బొటనవేలు వేసి, చంక నుంచి కిందిదాకా మెల్లగా జరిపాడు. సగం దారిలో వేలు ఆగింది. ఆయన తల ఎత్తి పిన్ని వైపు చూశాడు. పిన్ని కళ్ళు తిప్పుకోలేదు. ఆ కళ్ళల్లో గొప్ప లేదు, గీర లేదు. ఆయన ఈవిడని ఇన్నేళ్ళుగా ఎరుగుదును అనుకుంటున్నాడు, ఈ మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"ఏమంటావు మాస్టారూ?" అన్నాడు పెద్దాయన.

"ముందు అక్కేమంది?"

"తన వల్ల కాదంది."

మాస్టర్ మొహం పెళ్ళిపందిరిలా వెలిగింది. "ఏదీ అక్కా, నేను విన్లేదుగా. నా ఎదురుగా అను."

"నా వల్ల కాదు తమ్ముడూ."

"ఇంకొంచెం గట్టిగా. నాకు వినపడే చెవి ఇటుంది."

"నా వల్ల కాదయ్యా." పిన్ని పళ్ళు బిగించింది. "ఈ కోటు సంగతిలో నా కన్నా నీకే ఎక్కువ తెలుసు. నువ్వే చెప్పు."

మాస్టర్ కళ్ళు మూసుకుని ఆ మాటని చెవుల్లో కాసేపు ఊరనిచ్చాడు. తరవాత కోటు మడత పెట్టి, బల్ల మీద పెట్టి, మడత మీద అరచెయ్యి ఆనించి అన్నాడు: "గుడ్డ లేదు సార్. ఉంటే అక్క ఒదిలేదా?"

దాంతో అందరికీ నమ్మకం కుదిరింది. వేరే మనిషెవరైనా "నా వల్ల కాదు" అంటే బద్ధకమనో మొండితనమనో అనుకునేవాళ్ళు. పరిగెడుతున్నవాడి వీపు మీద నంబరు కుట్టిన మనిషి కాదందంటే, ఇక కాదనే. పెద్దాయన నిట్టూర్చి, "కోటు పట్టనివాడు కోచ్ ఎలా అవుతాడు? నాన్న నియమం. ఈ సీజను ఇలా కానివ్వండి" అన్నాడు. మధ్యలోవాళ్ళంతా ఒక్కసారిగా ఆయన వైపు వాలారు. అల్లుడుగారు ఎండలోనే కూర్చుండిపోయాడు.

శనివారం కోచ్ వచ్చేసరికి గది తలుపు దగ్గర ఒక్క క్షణం తటపటాయించాడు. కోటు మేకుకి ఉంది. పిన్ని దాన్ని తీసి, దులిపి, వెనక నుంచి పట్టుకుంది. ఆయన చేతులు దూర్చాడు. మొదటి గుండీ రెండో కాజాలో పెట్టుకుని, మళ్ళీ విప్పి పెట్టుకున్నాడు.

"వెళ్ళి ఆ పెనాలు పట్టుకునేవాళ్ళని చూసుకో" అంది పిన్ని.

ఆయన వెళ్ళిపోయాక మిషను ముందు కూర్చుని తల పైకెత్తింది. బల్బు కదలదు. నెత్తి మీద అరుపులు, ఈలలు, కాళ్ళ చప్పుళ్ళు. బల్బు కదలదు. మధ్యలో ఒకసారి కాస్త కదిలినట్టనిపించింది, సాలీడు. గునపం వేలు కుర్రాడి రెండో జత సాక్సులు కూడా చిరిగితే, అవి కుడుతూ పిన్ని సూది వేలికి గుచ్చుకుంది. ఆట చివరికొస్తోందని పైన జనం గొంతులో తెలుస్తోంది. అప్పుడు కప్పు మొత్తం దడదడలాడింది. మెట్ల సందుల్లోంచి దుమ్ము రాలింది. బల్బు గోడకి తగిలేంత ఊగింది, సాలీడు గూడు తెగి మిషను మీద పడింది. బాబాయి గేటు వదిలేసి, ఎన్నడూ లేనిది పరిగెత్తుకుంటూ వచ్చి తలుపులో నిలబడి రొప్పాడు.

"ఎవరండీ కొట్టింది?"

"సాక్సులవాడు." ఊపిరి తీసుకుని, "పిర్రకి తగిలి పోయింది" అన్నాడు.

"పోవలసిన చోటికి పోయిందిగా" అంది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ, దుమ్మని చెప్పి.

ఆ తరవాత వాళ్ళేమీ లోకాన్ని జయించలేదు. కొన్ని గెలిచారు, కొన్ని సమం చేశారు, కొన్ని పోగొట్టుకున్నారు. పోగొట్టుకున్నవి కూడా జనం కూర్చుని చూసేటట్టు పోగొట్టుకున్నారు. టీవీ మనిషి టీవీలోనే ఉండిపోయి, అక్కడ హాయిగా ఉన్నాడు. బల్బుకి కొత్త తీగ వేయించాల్సి వచ్చింది.

వీధిలో మాత్రం పిన్ని తలెత్తుకుని నడిచే వీలు లేకుండా పోయింది. సూటు మాస్టర్ కొట్టు ముందు కొత్త బోర్డు వేలాడింది: 'కోటు పిన్ని ఓటమి ఒప్పుకున్నది ఈ మాస్టర్ ముందే.' పాలబ్బాయి, "పిన్నీ, ఈ ప్యాకెట్టు కత్తిరించగలవా, నీ వల్ల అవుతుందా" అని అడిగాడు. ఆటగాళ్ళు గుండీ ఊడితే కూడా, "పాపం, శ్రమ పెట్టకండ్రా" అని ఒకళ్ళనొకళ్ళు వారించుకునేవాళ్ళు. పిన్ని అన్నీ మింగింది. నిజం చెప్పేస్తే ఒక్క నిమిషంలో అందరి నోళ్ళూ మూతపడతాయి. ఆవిడ బతుకులో ఇంత పెద్ద గొప్ప ఇంతకు ముందు లేదు. దాన్ని అస్తరు కింద పెట్టి అదిమేసింది.

సీజను చివర్లో ఒక మధ్యాహ్నం కోచ్ కోటు తెచ్చి సిగ్గుపడుతూ నిలబడ్డాడు. "పిన్నీ, గుండీ పట్టట్లేదు. ఈ మధ్య బాగా నిద్ర పడుతోంది, తిండి కూడా ఎక్కువవుతోంది. గుడ్డ లేదంటగా. ఏమైనా చెయ్యగలవా?"

"చూద్దాంలే. సాయంత్రం రా" అంది.

తలుపు వేసి అస్తరు విప్పింది. ఆకుపచ్చ గుడ్డ మడత మీద మడత విచ్చుకుని మిషను మీంచి ఒళ్ళోకి జారింది. ఏళ్ళుగా వెలుగు తగలక కొత్త తానులా మెరుస్తోంది. బెత్తెడులో పావు వదిలితే సరిపోతుంది. సుద్దతో గీత గీస్తుండగా తలుపు తెరుచుకుంది. పెద్దాయన. ఆయన ఆ గది లోపల అడుగు పెట్టడం అదే మొదటిసారి. తల కప్పుకి కొట్టుకుంది.

పిన్ని గుడ్డ దాచడానికి లేవబోయింది. దాచడానికి అంత ఒడి ఎవరికీ ఉండదు.

పెద్దాయన తల రుద్దుకుంటూ ఆ గుడ్డంతా చూశాడు. ఒక అంచు పట్టుకుని వేళ్ళ మధ్య నలిపాడు, వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకున్నట్టు. అప్పుడు అన్నాడు: "బోర్డు గదిలో ఒక తెర పొట్టిగా ఉంటుంది. ఎండ కొడుతోందని మా అల్లుడు రోజూ గొడవ. కొత్తది కుట్టించమంటున్నాడు."

పిన్ని సుద్దముక్క కింద పెట్టింది. "ఆ గుడ్డ ఇప్పుడు దొరకదు సార్."

"దొరకదు. నేనూ అదే చెప్పాను." ఆయన అంచు వదిలేశాడు. "ఆ రోజు ఇంట్లో మా అమ్మాయి నిలదీసింది, మా ఆయన మాట ఎందుకు తీసేశావు నాన్నా అని. నేనెక్కడ తీసేశానమ్మా, కోటు పిన్ని వల్లే కాలేదు అన్నాను. ఇక మాట్లాడలేదు." తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "ఇంకెంతుంది లోపల?"

"మీకెందుకు సార్, పెద్దవాళ్ళు."

పెద్దాయన నవ్వుతూ వెళ్ళి, గుమ్మానికి మళ్ళీ తల తగిలించుకున్నాడు.

సాయంత్రం కోచ్ స్టూలు ఎక్కి నిలబడ్డాడు. కోటు చక్కగా కూర్చుంది. గుండీ పెట్టుకున్నా ఊపిరి ఆడుతోంది. ఆయన జేబులో చెయ్యి పెట్టబోతూ పక్క కుట్టు తడిమాడు. వేళ్ళ కింద మెత్తగా, దట్టంగా, ఇంకా చాలా ఉంది. ఆయన చెయ్యి అక్కడే ఉంచి పిన్ని వైపు చూశాడు. పిన్ని గుండుసూదుల డబ్బా సర్దుకోవడంలో మహా తీరిక లేకుండా ఉంది.

"పిన్నీ, ఆ గురువారం మేడ మీద ఏదో జరిగిందట."

"ఏదో జరిగిందిలే."

కోచ్ స్టూలు దిగలేదు. దాని మీదే కూర్చున్నాడు, కోటు నలగకుండా ముందు భాగం సర్దుకుని. "చెప్పు. ఏమైంది?"

పిన్ని తలుపు వైపు ఒకసారి చూసి, డబ్బా మూత పెట్టేసింది. చేతిలో ఈసారి అణా పైసలతో సహా నిజమైన కథ ఉంది. ఒక్క ముక్క చేర్చక్కర్లేదు, ఉన్నదున్నట్టు చెబితే చాలు. స్టూలు దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"ఆ రోజు మేడ మీదికి ఏనుగుని ఎక్కించారు నాన్నా."

"తరవాత?" అన్నాడు కోచ్.